సంగటి రాగుల్లో బీరు శాస్త్రం!

బీరంటే బార్లీ. ఆ బార్లీలో ఉండే గ్లూటెన్ కొందరి ఒంటికి అస్సలు పడదు. మరి వాళ్ళకోసం బీరు దేనితో చేయాలి? ప్రపంచమంతా బుర్రలు బద్దలు కొట్టుకున్న ఈ ప్రశ్నకు ఒక జవాబు చిత్తూరు వంటింటి డబ్బాలోనే ఉంది. అవే రాగులు! అయితే ఆ జవాబు వల్ల ఎక్కువ మేలు బీరు తాగేవాళ్ళకు కాదు, చంటిపిల్లలకు.

పలమనేరు, కుప్పం, చంద్రగిరి... ఎటు వెళ్ళినా సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి, ఎండ పూట మజ్జిగ కలిపిన అంబలి మామూలే. తిరుపతి దగ్గరి పెరుమాళ్ళపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి 'వకుళ', 'తిరుమల' వంటి రాగి రకాలు వచ్చాయి. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందనీ, గ్లూటెన్ మాత్రం బొత్తిగా ఉండదనీ చాలామందికి తెలుసు. తెలియనిదల్లా మొలక రాగుల్లో దాగిన ఎంజైముల సంగతే.

మొలకలో కత్తెరలు

గింజలోని పిండిపదార్థం పొడవాటి పూసల దండ లాంటిది. నీళ్ళు తగిలి మొలక రాగానే గింజలో ఎంజైములు పుడతాయి. ఆల్ఫా అమైలేజ్ ఆ దండను మధ్యలో ఎక్కడపడితే అక్కడ తెంపుతుంది. బీటా అమైలేజ్ చివరి నుంచి రెండేసి పూసలు కత్తిరిస్తుంది. అలా తెగినవే చక్కెరలు. మొలకెత్తిన రాగులు నమిలితే తియ్యగా ఉండేది అందుకే. మనిషి తొలిసారి వేరుచేసిన ఎంజైము కూడా మొలక ధాన్యంలోదే. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే శాస్త్రవేత్తలు బార్లీ మాల్ట్ నుంచి 'డయాస్టేజ్'ను బయటికి తీశారు.

బీరు తయారీకి మూలం ఇదే. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మరపట్టి 62 నుంచి 70 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెడతారు. దీన్నే మ్యాష్ అంటారు. అందులోంచి వడకట్టిన తియ్యటి నీటిని హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే బీరవుతుంది.

వేడితో తంటా

సీలియాక్ జబ్బున్నవారికి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటబట్టదు. పిల్లల్లో ఎదుగుదల ఆగుతుంది, రక్తహీనత వస్తుంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తర భారతంలో నూటికి ఒకరికి పైగా ఈ జబ్బు ఉంది. దక్షిణాదిన వెయ్యికి ఒకరు. మనకు తక్కువే అయినా రాత్రిపూట చపాతీలు, బ్రెడ్లు, బిస్కెట్లు అలవాటైన ఈ రోజుల్లో పట్టించుకోవాల్సిన విషయమే.

వీళ్ళకోసం బార్లీ బీరులోని గ్లూటెన్‌ను ముక్కలు చేసే ఎంజైము ఒకటి వచ్చింది. కానీ తెగిన ముక్కల్ని పరీక్షలు కచ్చితంగా పట్టలేవు. అందుకే ఇలాంటి పులిసిన పదార్థాలకు అసలు ముడిసరుకులోనే గ్లూటెన్ లేకపోతే తప్ప 'గ్లూటెన్ ఫ్రీ' ముద్ర వేయకూడదని 2020లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధన తెచ్చింది.

దాంతో చూపు జొన్న, రాగి వంటి ధాన్యాల మీద పడింది. అక్కడో తంటా. చిరుధాన్యాల పిండి ఉడకాలంటే బార్లీ కన్నా ఎక్కువ వేడి కావాలి. అంత వేడికి ఎంజైములు చచ్చిపోతాయి. దీనికి నిపుణులు కనిపెట్టిన ఉపాయం భలే తమాషాగా ఉంటుంది. మొలక పిండిని ముందు గోరువెచ్చని నీటిలో కలిపి, ఎంజైములు దిగిన పైతేటను వంపి పక్కన పెట్టుకుంటారు. అడుగున మిగిలిన పిండిని బాగా ఉడికించి, వేడి తగ్గాక ఆ తేటను తిరిగి పోస్తారు. చిక్కటి గంజి కాస్తా పలచటి తీపినీళ్ళవుతుంది. చాలనప్పుడు వేడిని తట్టుకునే ఎంజైములు కొని కలుపుతారు.

రాగులతో మత్తు పానీయం కొత్తదేం కాదు. నేపాల్, సిక్కిం కొండల్లో తోంగ్బా, ఉగాండాలో మల్వా రాగులతో చేసేవే. మన దగ్గర మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో ఇలాంటివి తయారుచేయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. అంబలికి ఆ భయం లేదు. దాన్ని పులియబెట్టేది ముఖ్యంగా పెరుగులో ఉండే లాంటి లాక్టిక్ బ్యాక్టీరియా. అది ఇచ్చేది పులుపే.

చిన్న పొట్టకు పెద్ద బలం

బీరు సంగతి అలా ఉంచితే, ఈ కిటుకు అసలు అవసరం పసిపిల్లలకే. వాళ్ళ పొట్ట చిన్నది. జావ చిక్కగా ఉంటే మింగలేరు. నీళ్ళు పోసి పలచన చేస్తే బలం తగ్గుతుంది. అదే చిక్కటి జావలో చెంచాడు మొలక పిండి కలిపితే నీళ్ళు పోయకుండానే పలచబడుతుంది. అంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుందన్నమాట. 1980వ దశకంలో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం ఈ పద్ధతిపై విస్తృతంగా పరిశోధించింది.

ఇంట్లో ఇలా...

* రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టాలి. ఒకటి రెండు రోజుల్లో మొలకలొస్తాయి. బూజు కనిపిస్తే పారేయాల్సిందే.
* ఎండలో గలగలమనేలా ఆరబెట్టి, మొలకలు నలిపి చెరగాలి. ఎర్రగా వేయిస్తే కమ్మటి వాసనొస్తుంది గానీ ఎంజైములు పోతాయి. అందుకే కొంచెం పిండిని వేయించకుండా విడిగా ఉంచుకోవాలి.
* మామూలు రాగిపిండితో జావ కాచి దించాలి. వేడి కాస్త తగ్గాక చెంచాడు మొలక పిండి కలిపి పది నిమిషాలు మూత పెట్టాలి. పలచబడ్డాక మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పట్టాలి.

సీలియాక్ ఉన్నవారి ఇంట్లో మరికొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గోధుమలు ఆడిన మరలో రాగులు ఆడిస్తే ఫలితం ఉండదు. ఇంటి మిక్సీయే నయం. అంగడిలో దొరికే ఇంగువలో మైదా కలుస్తుంటుంది. 'మాల్ట్' అని రాసి ఉన్న డబ్బాలో ఉన్నది రాగా, బార్లీయా చూసి మరీ కొనాలి. అనుమానం రాగానే గోధుమలు మానేయడమూ పొరపాటే. తినడం ఆపేస్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టరు, ఆ తర్వాతే పథ్యం. జబ్బు ఖాయమైతే గోధుమలు జీవితాంతం మానాల్సిందే. సంగటి ముద్దకు మాత్రం ఏ అడ్డూ లేదు!