పాత విల్లీస్ జీపు: కొనుటకు ముందు, విప్పుటకు ముందు

రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యము కొరకు 1941 నుండి 1945 వరకు లక్షల సంఖ్యలో తయారైన విల్లీస్ జీపు మన దేశమునకు రెండు దారులలో వచ్చినది. బర్మా సరిహద్దున యుద్ధము ముగిసిన పిదప సైన్యము వదలిన బండ్లు వేలములలో అమ్ముడుపోయి తోటల యజమానులకు, కంట్రాక్టర్లకు, పెద్ద కమతముల వారికి చేరినవి. 1940ల చివర బొంబాయిలో మహీంద్రా వారు విల్లీస్ భాగములను విదేశమునుండి తెప్పించి జీపులు కూర్చుట మొదలిడిరి. ఇట్టి బండి యొకటి పశువుల కొట్టము ప్రక్కన పడియున్నదని తెలిసినచో నేడు దూరపు ఊళ్లనుండి బేరగాండ్రు వెదకుకొని వచ్చుచున్నారు. బాగుచేసి ఉంచుకొందమను కోరికతో కొను రైతులును కలరు. అమ్మువానికిగాని, కొనువానికిగాని నష్టము వచ్చు చోటు ఒకటే: బండి యేదో తేల్చుకొనకుండ ధర మాటలాడుట, లేక పానా పట్టుకొని విప్పుట.

జీపునకు సేద్యముతో సంబంధము కొత్తది కాదు. 1945లోనే విల్లీస్ వారు సి.జె.-2ఏ అను నమూనాను రైతులను దృష్టిలో నుంచుకొని విడుదల చేసిరి. దానికి వెనుక తెరచు తలుపును, కోరినవారికి పనిముట్లను లాగు కడ్డీని, ఇంజను శక్తితో యంత్రములను త్రిప్పు షాఫ్టును అమర్చిరి. అయినను టన్నుకు కొంచెము మించిన బరువుగల యీ బండి నల్లరేగడిలో ట్రాక్టరు పని చేయునని నమ్మి కొనుట తగదు. బరువు చాలక చక్రములు జారును. బురదదారిలో నలుగురు మనుషులను, నాలుగు బస్తాలను ఇల్లు చేర్చుట దీని అసలు పని.

యుద్ధకాలపు జీపు ముందరి గ్రిల్లులో తొమ్మిది నిలువు చీలికలుండును. సి.జె.-2ఏలో ఏడే యుండును. యుద్ధకాలమున ఇదే బండిని ఫోర్డు వారు కూడ జి.పి.డబ్ల్యు. అను పేరుతో చేసిరి. రేడియేటరు క్రింద ఛాసీ అడ్డుకమ్మీ గుండ్రని గొట్టమైనచో అది విల్లీస్. తలక్రిందులైన దోనె ఆకారమున నున్నచో ఫోర్డు. విల్లీస్ ఛాసీ సంఖ్య, ముందు బంపరు వెనుక, ఎడమ కమ్మీ లోపలివైపు బిగించిన చిన్నరేకుపై నుండును. ఫోర్డు సంఖ్య ఎడమ కమ్మీ పైభాగమునే చెక్కబడి యుండును. రేకును ఊడదీసి వేరొక బండికి బిగించుట సులభము కాన దాని రివెట్లు పాతవో కొత్తవో చూడుడు. గ్రిల్లును, బాడీని మాత్రము చూచి ధర కట్టరాదు. హర్యానాలోని డబ్వాలి వంటి చోట్ల కొత్త రేకుతో జీపు బాడీలు కట్టు పని ప్రసిద్ధము. అది తప్పుడు పని కాదు. కాని కొత్త బాడీకి పాతబండి ధర ఇచ్చుట తెలివి కాదు.

తరువాత కాగితములు. ఆర్.సి.లోని ఛాసీ సంఖ్య, ఇంజను సంఖ్య బండిపై నున్నవాటితో అక్షరము తప్పకుండ సరిపోవలెను. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టిన జీపులు మన ప్రాంతమున మెండు. ఆ మార్పు ఆర్.సి.లోనికి ఎక్కనిచో 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను క్రింద చిక్కు తప్పదు. సొంత వాడుక బండికి 15 ఏండ్లు నిండిన తరువాత ఐదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. 2021లో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు వేరు నిబంధనలు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్దమార్పు లేని బండికి 20 వేల రూపాయల రుసుముతో పదేండ్ల రిజిస్ట్రేషను దొరకును. ఇందులో రైతు గమనింపవలసిన షరతు ఒకటి కలదు. అట్లు రిజిస్టరైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతుకు తప్ప నిత్యము రోడ్డుపై నడుపరాదు. కనుక పొలమునకు తిరుగు బండి కావలెనా, చూచుకొను బండి కావలెనా అన్నది మొదటనే నిర్ణయించుకొనుడు. నిత్యము తిరుగు బండి కోరువాడు పురాతన వాహనపు ధర పెట్టనక్కరలేదు.

ఇంజను పాడైనను బాగుపడును. ఛాసీ వంకర తిరిగినచో మాత్రము బండి ఎన్నటికిని సూటిగా నడువదు. దీనిని పరీక్షించుటకు పెద్ద పనిముట్లు అక్కరలేదు. చదునైన నేలపై బండిని నిలిపి, నాలుగు స్ప్రింగు కొక్కెములనుండి తాపీమేస్త్రి వాడు తూకపుగుండును వ్రేలాడదీసి నేలపై సుద్దతో గుర్తు పెట్టుడు. బండిని ప్రక్కకు నెట్టి మూలనుండి మూలకు రెండువైపుల త్రాటితో కొలువుడు. రెండు కొలతలు సమానముగా నుండవలెను; పావు అంగుళము మించి తేడా యున్నచో వెనుదీయుట మేలు. ముందు స్ప్రింగులు, స్టీరింగు పెట్టె బిగించు చోట్ల పాత వెల్డింగు, బీటలు వెదకుడు.

ఇక ఇరుసులు. యుద్ధకాలపు జీపు ఇరుసులలోని పళ్లచక్రముల నిష్పత్తి 4.88. సి.జె. నమూనాలలో సాధారణముగా 5.38. బయటికి రెండును ఒకేరీతిగా కనపడును. ఒకటి చెడినప్పుడు దొరికిన దానిని తగిలించుట వలన ముందొక నిష్పత్తి, వెనుకొక నిష్పత్తి గల బండ్లు తయారైనవి. వెనుక చక్రములతో మాత్రమే నడచునంతకాలము ఏమియు తెలియదు. నాలుగు చక్రముల లివరు వేసిననాడు ముందు, వెనుక షాఫ్టులు ఒకదానితో ఒకటి పోరాడి ట్రాన్స్‌ఫర్ పెట్టెలోని పళ్లను నమిలివేయును. కొనుటకు ముందే ఇట్లు చూడుడు: మూడు చక్రములకు ముందు వెనుకల రాళ్లు వేసి, గేరును, ముందు చక్రముల లివరును, చేతి బ్రేకును విడిచి, ఒక చక్రమును జాకీతో లేపుడు. ప్రొపెల్లరు షాఫ్టుపై సుద్దగీత గీయుడు. లేపిన చక్రమును సరిగా రెండు చుట్లు త్రిప్పుడు. షాఫ్టు ఐదు చుట్లకు కొంచెము తక్కువ తిరిగినచో నిష్పత్తి 4.88, ఐదుంపావు దాటి ఐదున్నరకు లోపల ఆగినచో 5.38. ముందు ఇరుసును, వెనుక ఇరుసును రెంటిని ఇట్లే చూడవలెను. నిష్పత్తి సరిపోయినను గట్టి రోడ్డుపై ముందు చక్రముల లివరు వేయరాదు. మలుపులో ముందు చక్రములు వెనుకవాటికన్న ఎక్కువ దూరము పోవును. బురదలో ఆ తేడా జారుటతో తీరును. తారురోడ్డుపై తీరక పళ్లపై పడును.

పైన రాళ్లు వేయుమనుటకు గట్టి కారణము కలదు. ఈ జీపు చేతి బ్రేకు చక్రములను పట్టదు. ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనుక షాఫ్టును పట్టును. ఒక వెనుక చక్రము గాలిలోనికి లేచినంతనే, షాఫ్టు కదలకున్నను, డిఫరెన్షియలు వలన లేచిన చక్రము వెనుకకు తిరుగుచు నేలనున్న చక్రమును ముందుకు దొర్లనిచ్చును. బండి జాకీ మీదినుండి మనిషిపైకి వచ్చును. చేతి బ్రేకు వేసితిమి గదా యని క్రింద దూరుట ప్రాణాంతకము. మరొక సంగతి: ఎడమవైపు చక్రముల నట్లకు ఎడమ మరలుండును. కుడివైపు వలెనే విప్పబోయి బలము పెట్టినకొలది అవి బిగిసి స్టడ్డులు తెగును.

ఇంజను 134 ఘనపు అంగుళములది, 60 గుర్రపు శక్తి గలది. చాలకాలము నిలిచి పట్టుకొనిపోయినచో స్టార్టరుతోగాని, ట్రాక్టరు కట్టి లాగిగాని తిప్పరాదు. ప్లగ్గులు తీసి, డీజిలు, ఇంజను నూనె కలిపి పోసి, వారము పదిదినములు నాననిచ్చి చేతి హ్యాండిలుతో మెల్లగా కదపుడు. విద్యుత్తు 6 ఓల్టులది. అదే పనికి 12 ఓల్టుల బండికన్న రెట్టింపు కరెంటు పారవలెను గనుక, తీగెలు లావుగాను, ఛాసీకి చేరు చోట్లు తుప్పులేకుండను ఉండవలెను. స్టార్టరు బద్ధకించుటకు చాలమారు బ్యాటరీ కాదు, ఈ తుప్పే కారణము. నేటి పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. పాత రబ్బరు గొట్టములు, పెట్రోలు పంపులోని పొర దీనికి తట్టుకొనవు. వాటిని ముందే మార్పుడు; బండిని నెలలకొలది నిలుపునప్పుడు ట్యాంకు ఖాళీ చేయుడు, ఇథనాలు తేమను పీల్చి ట్యాంకును లోపలనుండి తినును.

పనిలో బ్రేకులు, స్టీరింగు మొదట రావలెను. బ్రేకు నూనె నాలుగు చక్రములకు ఒకే దారిన పోవును కాన ఒక గొట్టము చిట్లినచో బ్రేకు పూర్తిగా పోవును. బాడీ చివరిది. యుద్ధకాలపు బాడీ క్రింద నడచు రేకు దోనెలలో చెక్క పేడులుండును. అవి నీరు త్రాగి లోపలనుండి తుప్పు పట్టించును. పైన రంగు మెరయుచున్నను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడుడు. రంగు గీకునప్పుడు ఛాసీ సంఖ్యగల చోట ఇసుకగాలి కొట్టింపరాదు, గ్రైండరు తగులనీయరాదు. ముందుగా ఫొటో తీసి, ఆ భాగమును రబ్బరు గుడ్డతో కప్పి, తక్కినది శుభ్రపరచుడు. అరిగిన సంఖ్యను తిరిగి కొట్టించినచో రవాణా కార్యాలయపు ఇన్‌స్పెక్టరు దానిని దొంగబండి గుర్తుగానే చూచును.