చేపల డబ్బాలో పూలమొక్క

సార్డీన్ చేపలు తినేసి మనం చెత్తబుట్టలో పడేసే రేకు డబ్బా ఆస్ట్రేలియా కళాకారిణి ఫియోనా హాల్ చేతికి చిక్కితే మొక్కై లేస్తుంది. 1953లో సిడ్నీలో పుట్టారామె. తల్లి రూబీ పేన్-స్కాట్ రేడియో ఖగోళశాస్త్రంలో తొలి మహిళగా పేరుపొందారు. అన్న పీటర్ హాల్ గణాంకశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలిసినవారే. మొక్కల పేర్లూ జాతులూ అంటే ఈమెకున్న పట్టింపు ఆ ఇంట్లోనే అబ్బిందేమో!

సిడ్నీలో చదివింది చిత్రలేఖనమే అయినా చేత పట్టింది కెమెరా. లండన్‌లో ఫే గాడ్విన్ అనే ఫొటోగ్రాఫర్‌కు సహాయకురాలిగా ఉన్నారు, అమెరికాలోని రోచెస్టర్‌లో పైచదువు చదివారు, 1983 నుంచి అడిలైడ్‌లో పాఠాలు చెప్పారు. కంటికి కనబడినదాన్ని ఫొటో తీసి ఊరుకోవడం ఆమెకు సరిపోలేదు. ఫొటో కోసమని బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. డాంటే కావ్యానికి 1988లో తీసిన ఫొటోల్లో ఉన్నవి రేకు మనుషులే. కెమెరా ముందు నిలబెట్టడానికి చేసిన బొమ్మలే పోనుపోను కెమెరాను పక్కకు నెట్టేశాయి.

1989-90లో ఆ సార్డీన్ డబ్బాలతోనే చేసిన 'పారడైసస్ టెరెస్ట్రిస్'ను దగ్గరికెళ్ళి చూడాలి. 1629 నాటి జాన్ పార్కిన్సన్ తోటల గ్రంథం నుంచి తీసుకున్న పేరది. డబ్బా మూత చుట్ట చుట్టుకుని సగందాకా తెరుచుకుని ఉంటుంది. పైన, అదే రేకులోంచి కత్తిరించి ఉబ్బెత్తుగా తీర్చిన మొక్క, ఈనెలతో సహా. కింద డబ్బా లోపల మనిషి ఒంట్లో ఓ భాగం, తరచుగా మర్మాంగమే. ఆకు వంపు, ఒంటి వంపు ఒక్కలాగే ఉంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళు జవాబులు సిద్ధం చేసుకుని వెళ్ళడం మేలు. శ్రీలంకలో కొన్నాళ్ళున్నాక అక్కడి మొక్కలతో చేసిన డబ్బాలకు సింహళ, తమిళ పేర్లు కూడా చేర్చారు.

నాకు మాత్రం 'లీఫ్ లిటర్' (1999-2003) అంటేనే ఎక్కువ ఇష్టం. ఏ మొక్క ఏ దేశానిదో ఆ దేశపు కరెన్సీ నోట్లు పరిచి, వాటిమీద దాని ఆకును రంగుల్లో వేశారు. తేయాకు, రబ్బరు, పత్తి కోసం సామ్రాజ్యాలు చేసిన పనులన్నీ గుర్తొస్తాయి. తర్వాత 'టెండర్'లో డాలర్ నోట్లను పీలికలు చేసి పక్షిగూళ్ళు అల్లారు. ఒక్కదాంట్లోనూ పిట్ట లేదు.

2015లో వెనిస్ బియనాలే కళాప్రదర్శనలో ఆస్ట్రేలియా కొత్త పెవిలియన్‌ ఆమె 'రాంగ్ వే టైమ్'తోనే మొదలైంది. ఎడారి ఆదివాసీ మహిళలతో కలిసి గడ్డితో అల్లిన జంతువులు అందులో ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళం వెనిస్ దాకా పోనక్కర్లేదు. కాన్‌బెరా నేషనల్ గ్యాలరీ కోసం ఆమె 1998లో చెట్టంత ఫెర్న్‌లతో ఒక తోటనే వేశారు.