ముగ్గు పక్కన ఎర్ర చుక్క

ఒకరోజు పొద్దున్నే మా కోడలు వాకిట్లో ముగ్గు వేస్తా, "మామా, రోజూ ఈ ఎర్ర చుక్కలేంది? తుడిచినా మళ్ళీ వస్తాండాయి" అనింది. పోయి చూస్తే కారు ముందు చక్రాల నడుమ రూపాయి బిళ్ళంత మరక. వేలితో తాకినాను. జిడ్డుగా, పల్చగా, ఎర్రగా ఉంది. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా ఉండాలి. ఇది పవర్ స్టీరింగ్ ఆయిల్.

మా పెద్దోడికి ఆ కారే బతుకు. బాగేపల్లి నుంచి చిక్కబళ్ళాపురానికి, చింతామణికి, బెంగుళూరు ఆస్పత్రులకు బాడుగకు తోలుతాడు. వారం రోజులు కారు నిలిస్తే ఆ నెల కంతు కట్టడం కష్టం. గ్యారేజీలో అడిగితే స్టీరింగ్ ర్యాక్ మొత్తం మార్చాలన్నారు. సామాను ఖర్చు ఒక ఎత్తు, కూలి ఇంకో ఎత్తు. "నాయనా, సామాను తెచ్చుకుందాం, పని మనమే చేసుకుందాం" అన్నాడు వాడు. చేసినాము. అందులో తెలిసిన మంచీ చెడ్డా మన కాలనీల్లో కార్లు, వ్యాన్లు తోలే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

ర్యాక్ అంటే ఏమిటి?

స్టీరింగ్ కడ్డీ కింది కొసన ఒక చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. అది అడ్డంగా ఉన్న పళ్ళ కడ్డీని ఎడమకో కుడికో జరుపుతుంది. ఆ కడ్డీయే ర్యాక్. దాని రెండు కొసలు ముందు చక్రాలను తిప్పుతాయి. పాత మారుతి 800 లో ఇంతే, మిగతాది మన భుజాల బలం. పవర్ స్టీరింగులో ఆ బలానికి ఆయిల్ తోడవుతుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు, డబ్బాలోని ఆయిల్ ను గట్టి పైపు గుండా ర్యాక్ గొట్టంలోకి తోస్తుంది. ఎడమకు తిప్పితే ఒక పక్క, కుడికి తిప్పితే ఇంకో పక్క ఆయిల్ నెడుతుంది. ఈ ఏర్పాటును 1926 లోనే అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు చేసి చూపించినాడు. జనం కొనే కారులో మొదట పెట్టింది 1951 లో క్రైస్లర్ కంపెనీ.

టైరులో మనం 30 పౌండ్ల గాలి పెడతాం కదా. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ఈ పైపులో ఒత్తిడి వెయ్యి పౌండ్లు దాటుతుంది. అంత ఒత్తిడిని ఆపేది గొట్టం కొసల్లో ఉండే రబ్బరు సీళ్ళే. అందుకే సీలు మీద చిన్న గీత పడినా ఆయిల్ కారుతుంది.

ఒక మాట. ఇప్పుడొచ్చే చిన్న కార్లలో చాలావాటికి కరెంటు మోటారు స్టీరింగ్. బానెట్ ఎత్తితే స్టీరింగ్ ఆయిల్ డబ్బా లేదంటే అది కరెంటుది. దాన్ని ఇంట్లో విప్పొద్దు.

ముందు ఎక్కడ కారుతోందో చూడండి

ఆయిల్ కనబడగానే ర్యాక్ పోయిందనుకోవద్దు. డబ్బా కింద రబ్బరు పైపు వదులైనా, పంపు సీలు పోయినా, పైపు జాయింట్ లూజైనా ఆయిల్ కిందికి జారి ర్యాక్ మీదే పడుతుంది. మేము అంతా శుభ్రంగా తుడిచి, బండి కొంచెం తిప్పి, మళ్ళీ చూసినాము. పైపులు పొడిగా ఉన్నాయి. ర్యాక్ కొసన మడతల రబ్బరు తొడుగు ఉంటుంది, బెల్లో అంటారు. దాన్ని పిసికితే లోపల ఆయిల్ గలగలమనింది. సీలు పోయిందనడానికి అదే గుర్తు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. వానలకు ముందు టైరు మార్చేటప్పుడు ఆ బెల్లో చినిగిందని నేను చూసినాను. "మళ్ళా చూద్దాంలే" అని వదిలేసినాను. ఆ చినుగులోంచి మట్టి, నీళ్ళు లోపలికి పోయి నున్నటి కడ్డీ మీద తుప్పు గుంటలు పడినాయి. తుప్పు గుంట ఉన్న కడ్డీ కదిలే ప్రతిసారీ సీలును ఆకురాయి మాదిరి గీకుతుంది. అలాంటి కడ్డీకి కొత్త సీళ్ళ కిట్ వేసినా నిలవదు. మేము ముందు కిట్టే వేయించినాము, కొన్ని వారాలకే మళ్ళీ కారింది. కడ్డీ నున్నగా ఉంటే కిట్ చాలు, గోటికి గుంట తగిలితే ర్యాక్ మొత్తం మార్చాల్సిందే.

సామానుకు బెంగుళూరు జె.సి. రోడ్డుకు పోయినాము. పాతది చేతిలో పట్టుకుని పోవడం మేలు. మాది విప్పలేదు కాబట్టి కారు మోడల్, సంవత్సరం రాసుకుని, ఫోనులో ఫోటోలు తీసుకుని పోయినాము. వాడిన ర్యాక్ కొనేవాళ్ళు బెల్లో జరిపి కడ్డీ చూడాలి, చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి ఎక్కడా పట్టకుండా ఉందేమో చూడాలి.

విప్పడం

చదునైన గట్టి నేల కావాలి. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టినాము. చక్రం నట్లు కారు నేల మీద ఉన్నప్పుడే కొంచెం లూజు చేసి, తర్వాత జాకీతో ఎత్తి, రెండు పక్కలా ఇనుప స్టాండ్లు పెట్టినాము. ఊడదీసిన చక్రాలను కూడా కారు కిందకే తోసినాము. మిల్లులో రింగ్ ఫ్రేమ్ మీద చెయ్యి పెట్టేముందు మెయిన్ స్విచ్ తీసేవాళ్ళం. అదే బుద్ధి ఇక్కడా ఉండాలి.

స్టీరింగ్ చక్రాన్ని నేరుగా పెట్టి సీటుకు తాడుతో కట్టేయాలి. ఎయిర్ బ్యాగ్ ఉన్న కారైతే ఇది తప్పనిసరి, చక్రం ఊరికే తిరిగితే లోపలి రిబ్బన్ తీగ తెగుతుంది. బ్యాటరీ తీగ కూడా తీసేయాలి. స్టీరింగ్ కడ్డీ ర్యాక్ లోకి దిగే చోట రెండింటి మీదా పెయింటుతో ఒక గీత గీసుకోవాలి, బిగించేటప్పుడు మళ్ళీ అదే గీతకు కలవాలి.

తర్వాత టై రాడ్ కొసలు. స్ప్లిట్ పిన్ తీసి, నట్టు పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదిలి, నట్టు మీద కాకుండా అది దిగిన ఇనుప కన్ను పక్కన సుత్తితో కొట్టాలి. మాది తుప్పు పట్టి కదలలేదు. పెద్దోడు కింద పడుకుని గట్టిగా కొట్టినాడు. మూడో దెబ్బకు జాకీ పక్కకు జారి పడింది. కారు స్టాండ్ల మీద దడ్ మని కూర్చుంది. వాడి తలకు జానెడు దూరం. స్టాండ్లు లేకుంటే ఈ వ్యాసం రాసే స్థితిలో నేను ఉండను. ఇద్దరం అర్ధగంట పని ఆపి వాకిట్లో కూర్చున్నాము. కోడలు మజ్జిగ తెచ్చింది, ఎవరూ మాట్లాడలేదు. జాకీ ఎత్తడానికి మాత్రమే. దాన్ని నమ్మి కారు కింద తల పెట్టొద్దు, ఒక్క నిమిషం కూడా.

కొస ఊడదీసేటప్పుడు ఎన్ని చుట్లకు వచ్చిందో లెక్కపెట్టి గోడ మీద రాసుకున్నాము. కొత్తదానికి అన్ని చుట్లే వేస్తే చక్రాలు దాదాపు నేరుగా వస్తాయి. పైపులు విప్పేటప్పుడు కింద తొట్టి పెట్టి ఆయిల్ పట్టాలి. దాన్ని కాలువలో పోయొద్దు. మన పక్క బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు చాలడం లేదు, ఉన్నవాటిని చెరపొద్దు. పాత ఆయిల్ పోగుచేసే గ్యారేజీకి ఇచ్చేయండి. చివరగా ర్యాక్ ను పట్టిన బోల్టులు తీసి పక్కకు లాగితే బయటికొస్తుంది. కొన్ని కార్లలో ఇంజిన్ కింది ఫ్రేమ్ దించితే గానీ రాదు. మీది అలాంటిదైతే గ్యారేజీకే ఇవ్వండి.

బిగించడం, గాలి తీయడం

కొత్త ర్యాక్ ను కొస నుంచి కొసకు తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో నిలిపి బిగించాలి. పైపు వాషర్లు, స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేయాలి. డబ్బా విప్పి కడగకపోతే పాత మురికి కొత్త సీళ్ళను తినేస్తుంది. ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీదో, కారు పుస్తకంలోనో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం పోయొద్దు, రబ్బరు పాడవుతుంది.

తాడు విప్పి, ఇంజిన్ ఆపి ఉంచే, చక్రాలు గాల్లో ఉండగా స్టీరింగ్ ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా 20 సార్లు తిప్పినాము. తగ్గినకొద్దీ ఆయిల్ పోస్తూ వచ్చినాము. తర్వాత ఇంజిన్ వేసి మళ్ళీ మెల్లగా తిప్పినాము. కొసన 5 సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, పంపు వేడెక్కుతుంది. డబ్బాలో తెల్ల నురుగు వస్తే ఇంకా గాలి ఉన్నట్టు. ఆపి, నురుగు అణిగాక మళ్ళీ తిప్పాలి.

చీకటి పడింది. అయినా ప్రతి నట్టూ ఇంకోసారి చూసినాము, స్ప్లిట్ పిన్నులు టార్చి వేసి చూసినాము. మరునాడు వీధిలోనే మెల్లగా తోలి, నేరుగా చిక్కబళ్ళాపురంలో వీల్ అలైన్‌మెంట్ చేయించినాము. ఇది చేయించకుంటే టైర్లు ఒక పక్క అరిగిపోతాయి. ఆ తర్వాతే బాడుగ.

ఇప్పుడు వాకిట్లో మరక లేదు. నెలకొకసారి నేను వంగి బెల్లోలు రెండూ చేత్తో తడిమి చూస్తాను. బెల్లో ఖర్చు ర్యాక్ ఖర్చులో పదో వంతు కూడా ఉండదు. ఆ రోజు చూసిన వెంటనే మార్పించి ఉంటే మా పెద్దోడు ఆ కారు కింద పడుకునే పనే ఉండేది కాదు.