వారం గడిచినా ఖాళీ కాని ప్యాచ్!

మీకు తెలుసా? ముట్లు ఆగిపోయే వయసులో వేడి ఆవిర్లు తగ్గడానికి అంటించుకునే హార్మోన్ ప్యాచ్‌కి అందరికీ ఒకటే గడువు లేదు! ఎవొరెల్, వివెల్ డాట్ లాంటివి వారానికి 2 సార్లు మార్చాలి. క్లైమారా అయితే వారానికి ఒక్కసారే! అన్నిటి లోపలా ఉన్నది ఒకటే హార్మోన్, ఈస్ట్రడయాల్ అనే ఈస్ట్రోజన్. రోజువారీ మోతాదు కూడా ఒకటే కావచ్చు. కాబట్టి పక్కింటావిడని చూసి మార్చుకోకండి. మీ డబ్బా మీద ఏముందో చూడండి!

వారానికి 2 సార్లంటే సోమవారం, గురువారం అనుకోండి. ఒకసారి 3 రోజులు, ఇంకోసారి 4 రోజులు. అంతే!

ఇప్పుడు అసలు వింత వినండి! వారం తర్వాత పీకి పారేసే ప్యాచ్‌లో మందు అయిపోయి ఉంటుందనుకుంటాం. కానే కాదు! రోజుకు 50 మైక్రోగ్రాములు ఇచ్చే క్లైమారాలో మొదట ఉండేది 3.8 మిల్లీగ్రాములు. 7 రోజుల్లో ఒంట్లోకి దిగేది 350 మైక్రోగ్రాములే. లెక్క వేయండి! 90 శాతానికి పైగా మందు అందులోనే మిగిలిపోతుంది! అదంతా దండగా? కాదు! మందు దట్టంగా ఉంటేనే చర్మంలోకి ఒకే వేగంతో దిగుతుంది. ఆ మిగులే వెనక నుంచి నెట్టే బలం! అలాగని ఇంకో రెండు రోజులు ఉంచేయకండి. ఆ వేగం నిలకడగా ఉంటుందని పరీక్షించి చూసింది 7 రోజులకే.

అందుకే తీసిన ప్యాచ్‌ని జిగురు లోపలికి పోయేలా మడిచి, పిల్లలకు అందకుండా పారేయాలి. పొరపాటున చంటిపాపకు అంటుకుంటే ఆ మందు పాప ఒంట్లోకీ దిగుతుంది!

ఇంకో సంగతి! 1930ల్లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిసీ బృందం ఈ ఈస్ట్రడయాల్‌ని ఆడపందుల అండాశయాల నుంచి తీసింది. ఎన్ని అండాశయాలు? ఏకంగా 4 టన్నులు! చేతికొచ్చింది? 12 మిల్లీగ్రాములు! ఇప్పుడు క్లైమారా ప్యాచ్‌లు 3 పక్కపక్కన పెట్టండి. దాదాపు అంత మందు!

మాత్ర మింగితే ముందు కాలేయం దగ్గరికి వెళ్తుంది. చాలా భాగం అక్కడే మారిపోతుంది. చర్మం దారిలో ఆ మజిలీ లేదు! అందుకే 1 మిల్లీగ్రాము మాత్ర చేసే పనిని దాదాపు 50 మైక్రోగ్రాముల ప్యాచ్ చేసేస్తుంది. అంటే 20వ వంతు!

మరి రక్తనాళాల్లో గడ్డలు? మాత్రలతో ఆ ముప్పు పెరుగుతుంది. 2019లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరిశీలనలో ప్యాచ్‌తో అలా పెరిగినట్టు కనిపించలేదు!

ఇక అంటించుకునే చోటు. పొత్తికడుపు గానీ పిరుదులు గానీ. రొమ్ముల మీద మాత్రం ఎప్పుడూ వద్దు! లంగా బొందు ఒరుసుకునే చోటా వద్దు, రాసుకుని ఊడిపోతుంది. కొబ్బరినూనె రాసిన ఒంటికి అసలు పట్టదు! శుభ్రంగా కడిగి, బాగా ఆరాక, జిగురుకు వేలు తగలకుండా అంటించాలి. అరచేత్తో 10 సెకన్లు గట్టిగా అదమాలి. చిన్న ప్యాచ్ పెద్ద బొట్టుబిళ్లంతే ఉంటుంది, వైశాల్యం 2.5 చదరపు సెంటీమీటర్లు! మళ్లీ అదే చోట అంటించాలంటే కనీసం వారం ఆగాలి.

ఇది మన ఇళ్ల సంగతి, వినండి. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు. ప్రొజెస్టిరాన్ కూడా కావాలి. లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్ ముప్పు! గర్భసంచి తీసేసినవాళ్లకు సాధారణంగా ఆ రెండోది అక్కర్లేదు. అలాంటివాళ్లు మన దగ్గర ఎంతమందో తెలుసా? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం! దేశం సగటు 3.2 శాతమే. మన అంకె చూస్తే గుండె కలుక్కుమంటుంది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగే దశ రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది! చిన్న వయసులో ఆపరేషన్ అయిన అక్కచెల్లెళ్లు హార్మోన్ల గురించి డాక్టరమ్మను తప్పకుండా అడగాలి.

అన్నట్టు, ప్యాచ్ మధ్యలో ఊడిపోతే? అదే మళ్లీ అంటించవచ్చు. పట్టకపోతే కొత్తది పెట్టుకోవచ్చు. బుధవారం కొత్తది పెట్టారు కదా అని లెక్క అక్కడి నుంచి మొదలెట్టకండి! అది ఒక్క రోజుదైనా సరే, గురువారం మార్చాల్సింది గురువారమే మార్చాలి!