ట్రేడ్ లైసెన్స్

‘ఇంట్లోనే కదా, ఎవరడుగుతారు?’ ఆవకాయ ఆర్డర్లు తీసుకునేవారి నుంచి ముందుగదిలో బ్యూటీపార్లర్ పెట్టినవారి దాకా మొదట అనుకునేది ఇదే. అడిగేది నగరపాలక సంస్థ. ఫలానా చోట ఫలానా వ్యాపారం చేసుకోవచ్చని అది ఇచ్చే అనుమతే ట్రేడ్ లైసెన్స్. హైదరాబాద్‌లో దీనికి ఆధారం 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం.

విచిత్రం ఏమిటంటే, ఫీజు లాభాన్ని బట్టి కాదు, ఇంటి ముందున్న రోడ్డును బట్టి! 20 అడుగులలోపు సందైతే చదరపు అడుగుకు 3 రూపాయలు, 30 అడుగుల దాకా 4, ఆపైన 6. ఇదీ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) పెట్టుకున్న లెక్క. సందులో 200 చదరపు అడుగుల గదికి మూల ఫీజు 600 అన్నమాట. గడువు డిసెంబరు 31తో సరి. రెన్యువల్‌కు బద్ధకిస్తే జరిమానా. తినుబండారాలైతే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు అదనం.

ఈ ఫీజు నిజానికి పెద్ద బరువేమీ కాదు. అసలు చిక్కు కరెంటు మీటరు దగ్గర. గృహ కనెక్షన్‌తో వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కగట్టి వసూలు చేయొచ్చు. ఆస్తిపన్ను కూడా నివాసేతర ఖాతాలోకి మారొచ్చు. ఇక లైసెన్స్ చూపించినంత మాత్రాన అపార్ట్‌మెంట్ సంఘం ఊరుకుంటుందా అన్నది వేరే పంచాయితీ.