మందు మానిన పిదప వచ్చు నొప్పి

తెలుగున నరమను మాట బహువిశాలమైనది. మెదడు ఆజ్ఞలను మోయు నాడియు నరమే, రక్తము పారు సిరయు నరమే, కండను ఎముకకు బంధించు గట్టి త్రాడు, అనగా స్నాయువు, అదియు నరమే. వైద్యులు ఈ కలగాపులగమునకు విసుగుకొందురు. అయినను, నాడిని, స్నాయువును గూడ బాధింపగల మందులు కొన్ని కలవు.

వానికి ఫ్లోరోక్వినోలోనులని పేరు. సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, లీవోఫ్లాక్ససిన్ అన్నచో శ్రోతలలో పెక్కుమంది గుర్తుపట్టగలరు. వీని మూలపురుషుడు నాలిడిక్సిక్ ఆమ్లము. మలేరియా మందగు క్లోరోక్విన్ తయారీలో ప్రక్కగా పుట్టిన పదార్థమునుండి అది రూపొంది, 1962లో లోకమునకు తెలియవచ్చినది. సూక్ష్మజీవి తన డి.ఎన్.ఏ. పురులను సరిచేసికొనుటకు వాడు ఎంజైములను ఈ మందులు అడ్డగించును. అంతటితో అది నశించును.

ఈ మాత్రలు వాడినవారిలో అత్యధికులకు స్నాయువులకు గాని నాడులకు గాని ఏ హానియు కలుగదు. అరుదుగా మాత్రము స్నాయువు వాచును, ఒక్కొక్కప్పుడు తెగును. దెబ్బ తరచుగా మడమ వెనుక స్నాయువునకే తగులును. నడకలో ఎక్కువ భారము దానిపైననే పడును గదా! స్నాయువు పోగులైన కొల్లాజెనును కరగించు ఎంజైములు ఈ మందువలన హెచ్చునని ప్రయోగశాలలలో కనుగొనిరి. స్నాయువునకు రక్తప్రసారము స్వల్పము గనుక మరమ్మతు మెల్లగా సాగును. నాడులు చెడినచో అరికాళ్ల మంట, తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్టి బాధ తోచును, అవి ఒక్కొక్కరిలో ఏండ్ల తరబడి నిలిచిపోవుటయు కలదు.

అసలు చిక్కు కాలములో నున్నది. స్నాయువు నొప్పి రెండు దినములలోనే రావచ్చును, మందు మానిన కొన్ని నెలలకును రావచ్చును. జ్వరమునకు వారము దినములు మాత్రలు మ్రింగినవాడు మూడవ నెలలో మెట్లు దిగుచుండగా మడమ వెనుక పటుక్కుమన్నచో, ఆ మాత్రలు ఎవరికి జ్ఞప్తికి వచ్చును? వయస్సు మీరినదనియో, అడుగు తప్పినదనియో సరిపెట్టుకొందురు. రోగి చెప్పడు, వైద్యుడు అడుగడు.

60 ఏండ్లు దాటినవారికి, ఉబ్బసము మున్నగు వానికి స్టీరాయిడ్లు వాడువారికి, మూత్రపిండము మార్పిడి జరిగినవారికి ఈ ముప్పు అధికము. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్నాయువులను గూర్చి 2008లో, నాడులను గూర్చి 2013లో హెచ్చరించినది. వేరు మందు పనిచేయునప్పుడు సామాన్యమైన సైనసు, మూత్రనాళ వ్యాధులకు వీనిని వాడరాదని 2016లో తెలిపినది.

మాత్రలు వాడుచుండగా మడమ వెనుక నొప్పియో, పాదమున తిమ్మిరియో పొడసూపినచో, తదుపరి మాత్రకు పూర్వమే వైద్యునికి తెలిపి, ఆ కాలికి విశ్రాంతి నీయవలెను. మొండి క్షయకు ఈ మందులే ప్రాణాధారములు. అట్టి రోగులు నొప్పి కలిగిన వెంటనే చెప్పవలసినదే కాని, తమంతట తాము మందు మానరాదు.