కంటికి కనబడని సాక్ష్యం

రెండు వారాలకు మించి దగ్గు విడువకపోతే తెమడ పరీక్ష చేయించుకోవాలని ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా చెబుతుంటారు. చాలాకాలం ఆ పరీక్ష అంటే గాజుపలకపై తెమడను పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడడమే. 1882లో రాబర్ట్ కాక్ క్షయ సూక్ష్మజీవిని లోకానికి చూపినది కూడా సూక్ష్మదర్శినితోనే. అయితే ఒక మిల్లీలీటరు తెమడలో సుమారు పదివేల సూక్ష్మజీవులుంటే గాని అవి నమ్మకంగా కంటబడవు. అంతకంటె తక్కువ ఉన్న రోగి ‘ఏమీ లేదు’ అన్న చీటీతో ఇంటికి మరలేవాడు. వ్యాధి కూడా అతని వెంటే వెళ్లేది. సూక్ష్మజీవులను ప్రయోగశాలలో పెంచి చూస్తే మరింత స్పష్టంగా తెలుస్తుంది గాని, అందుకు వారాలు పడుతుంది.

ఈ చిక్కును అణుస్థాయి పరీక్షలు చాలావరకు విడదీశాయి. ఇవి వెదికేది సూక్ష్మజీవిని కాదు, దాని డి.ఎన్.ఏ.ను. 1983లో అమెరికా శాస్త్రవేత్త కేరీ మల్లిస్ పి.సి.ఆర్. అనే పద్ధతిని రూపొందించాడు. సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వేడికి డి.ఎన్.ఏ. జంటపోగులు విడిపోతాయి. వేడి తగ్గగానే, ముందుగా కలిపిన ప్రైమర్లనే చిన్న తునకలు తమకు సరిపడే చోట అతుక్కుంటాయి. అక్కడినుండి పాలిమరేజ్ అనే ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, ముప్పై ఆవృత్తాలు ముగిసేసరికి సిద్ధాంతరీత్యా ప్రతుల సంఖ్య వంద కోట్లు దాటుతుంది. అంత వేడికీ చెడని ఎంజైము ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో దొరికిన బాక్టీరియానుండి లభించడం ఒక విశేషం. మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి లభించింది.

నేడు క్షయ నిర్ధారణకు వాడే సీబీనాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రాలకు ఆధారం ఈ సూత్రమే. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు వ్యాధి లొంగుతుందో లేదో కూడా ఇవి కొద్ది గంటలలోనే తెలుపుతాయి.

2016లో వరంగల్లు జిల్లానుండి వేరుపడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మొన్నటివరకు వైద్య కళాశాలలు లేవు. మహబూబాబాద్‌లో 2022లోను, మిగిలిన రెండుచోట్ల 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. సూక్ష్మజీవశాస్త్రం అక్కడి విద్యార్థులకు రెండవ సంవత్సరపు పాఠ్యాంశం.

పుస్తకంలో పి.సి.ఆర్. ఒక పుటలో ముగుస్తుంది. చేతికి అలవడడానికి మాత్రం నెలలు పట్టవచ్చు. పిపెట్‌తో తీసే ద్రవం ఒకటి రెండు మైక్రోలీటర్లే. బొటనవ్రేలు తడబడితే లెక్క తప్పుతుంది. అంతకు మించిన భయం కలుషితం. ఒక్క అణువును కోట్లుగా పెంచే శక్తే ఈ పద్ధతికి ముప్పు కూడా. రోగి నమూనానుండి కంటికానని తుంపర పక్క గొట్టంలో పడితే, ఆరోగ్యవంతుడు కూడా రోగిగా తేలి నెలల తరబడి మందులు మింగవలసి వస్తుంది. అందుకే ద్రవాలు కలిపే గది వేరు, నమూనాలు తెరిచే గది వేరు. ప్రతి విడతలోను డి.ఎన్.ఏ. లేని నీటితో ఒక గొట్టం ఉంచుతారు. దానిలోనూ వ్యాధి ఉన్నట్లు కనబడితే ఆ విడత ఫలితాలను పక్కనబెట్టి మళ్లీ మొదలుపెట్టవలసిందే. కొత్తవారికి ఇది కష్టంగా తోచినా, మినహాయింపు లేదు.

మరొక చిక్కు ఉన్నది. చనిపోయిన సూక్ష్మజీవి డి.ఎన్.ఏ.ను కూడా ఈ పరీక్ష పట్టుకుంటుంది. అందువలన మందులు పనిచేస్తున్న రోగిలోనూ వ్యాధి ఉన్నట్లే చూపవచ్చు. చికిత్స ఎలా సాగుతున్నదో తెలుసుకోవడానికి వైద్యులు నేటికీ ఆ పాత గాజుపలకనే సూక్ష్మదర్శిని కింద ఉంచుతున్నారు.